ఆమెన్ కోసం ఆగిపోయిన తూకం బోర్డు

ఇందులో ప్రతి అక్షరం నిజం. ఒట్టు పెట్టుకోవడం మా క్రైస్తవ ఇళ్లల్లో తప్పు కింద లెక్క. అందుకని ఒట్టు పెట్టకుండానే, ఒట్టుకంటే గట్టిగా చెబుతున్నాను: నేను చెప్పబోయేదాంట్లో రవ్వంత కూడా కల్పన లేదు. నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారు. నవ్వనివ్వండి.

2006 జనవరిలో, కందులు మిల్లులకు రావడం మొదలైన రోజుల్లో, నన్ను హైదరాబాద్ నుంచి బీదర్‌కు పంపారు. అప్పుడు నేను అమీర్‌పేట దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సీనియర్ సిస్టమ్స్ ఇంజనీర్‌ని. హోదా పేరు పెద్దదే గానీ, ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏ మెట్లు ఎక్కినా దారిలో ఒక సీనియర్ ఇంజనీర్ కాలికి తగిలేవాడు. నా మీద టీమ్ లీడ్, ఆయన మీద ప్రాజెక్ట్ మేనేజర్. ఇద్దరూ నాకంటే చిన్నవాళ్లు. కొత్తగా చేరినవాళ్లు జావా పట్టుకుని విదేశీ ప్రాజెక్టుల మీద కూర్చుంటే, ఊళ్లు తిరిగి యంత్రాల పక్కన ప్రోగ్రాములు బిగించి వచ్చే ఫీల్డ్ పని మాత్రం నాలాంటి జుట్టు నెరిసినవాళ్లకు పడేది. నేను పుట్టి పెరిగింది బీదర్‌లోనే కాబట్టి, అక్కడి భాషలన్నీ వచ్చు కాబట్టి, టీమ్ లీడ్ పెద్దగా ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. అక్కావాళ్ల ఇల్లు అక్కడే ఉంది.

పని ఒక పప్పు మిల్లులో. మిల్లు ఆవరణలో లారీలూ ట్రాక్టర్లూ ఎక్కి నిలబడే పెద్ద తూకం ఉంటుంది. దాన్ని పుస్తకాల్లో వే బ్రిడ్జి అంటారు, అక్కడ అందరూ కాంటా అనే అంటారు. కాంటా గదిలో కూర్చుని తూకం చూసేవాడు మా మార్తక్క మొగుడు, సామేలు బావ. గదిలో తూకం కనబడగానే కిటికీలోంచి తల బయటపెట్టి, యార్డు చివరిదాకా వినబడేలా కేకేసి చెప్పేవాడు. చర్చిలో పాటలు పాడే గొంతు, మైకు అక్కర్లేదు.

అయితే పక్క మిల్లువాడు యార్డులో ఎర్ర అంకెల బోర్డు ఒకటి వేలాడదీశాడు. లోపలి మనిషి ఏం చూసి ఏం చెబుతున్నాడోనన్న అనుమానం లేకుండా, రైతు తన తూకం తానే చూసుకోవచ్చు. బండ్లు అటు మళ్లడం మొదలైంది. మా మిల్లు యజమాని గురుబసప్ప సావుకారుకు అది కంటిలో నలుసైంది. ఆయన తనకూ బోర్డు కావాలన్నప్పుడు, మా బామ్మర్ది హైదరాబాద్‌లో ఇదే పని చేస్తాడని చెప్పింది సామేలు బావే. సావుకారు ఒప్పుకున్నాడు గానీ, ఒప్పుకున్న నోటితోనే ఇంకో మాట అన్నాడు. నిన్ను నమ్మి పెట్టిస్తున్నాను, సోమవారం నుంచి బండ్లు ముమ్మరంగా వస్తాయి, ఆ రోజు బోర్డు సరిగ్గా చెప్పకపోతే బోర్డుతోపాటు నువ్వూ దిగిపో, కాంటా మీద కూర్చోవడానికి మా మేనల్లుడు ఖాళీగానే ఉన్నాడు అని.

ఈ సంగతి నాకు బావ చెప్పలేదు. నేను బస్సు దిగి ఇంటికి వెళ్లిన పూటే, అన్నం పెడుతూ అక్క చెప్పింది.

“తమ్మీ, నువ్వు పని అయినా కాకున్నా మళ్ల బస్సెక్కి హైదరాబాద్ పోతవ్. మీ బావ యాడికి పోతడు? కాంటా తప్ప ఆయనకు ఇంకో పని రాదు. మోకాళ్లు సూస్తె గట్లున్నయి.”

“గట్లేం గాదక్కా. రెండు లైన్ల పని” అన్నాను.

అది నిజంగా రెండు లైన్ల పనే. ఎందుకో చెప్పాలంటే యూనిక్స్ సంగతి కొంచెం చెప్పాలి.

యూనిక్స్ అనే వ్యవస్థలో ప్రతి ప్రోగ్రాముకూ పుట్టుకతోనే ఒక చెవి, రెండు నోళ్లు ఉంటాయి. ఒక నోరు మామూలు మాటలకు, రెండోది ఫిర్యాదులకు. చెవి పేరు స్టాండర్డ్ ఇన్‌పుట్. ఆ చెవిలో మాట పోసేది మనిషి వేళ్లా, ఒక ఫైలా, మరో ప్రోగ్రామా అన్నది ప్రోగ్రాముకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. రెండు ప్రోగ్రాముల పేర్ల మధ్య ఒక నిలువు గీత గీస్తే, మొదటిదాని నోరు రెండోదాని చెవికి అతుక్కుంటుంది. ఆ గీతను పైపు అంటారు. చిన్న చిన్న ప్రోగ్రాములను ఇలా గొట్టాలతో కలిపి పెద్ద పని చేయించడం యూనిక్స్‌వాళ్ల పద్ధతి.

కాంటా దగ్గర ఒక చిన్న పెట్టె ఉంటుంది, ఇండికేటర్. బండి ఉన్నా లేకపోయినా, అది ఆ క్షణాన ఉన్న బరువును ఒక్కో వరుసగా కేబుల్లోకి చెబుతూనే ఉంటుంది, సెకనుకు కొన్నిసార్లు. ఆ కేబుల్ నుంచి విని కంప్యూటర్‌కు అందించే చిన్న ప్రోగ్రాము పెట్టెతోపాటే వచ్చింది. దాన్ని విని, కుదురుకున్న బరువును ఏరి, యార్డులో బోర్డుకు పంపేది నేను పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన స్క్రిప్టు, అంటే ఇంకో చిన్న ప్రోగ్రాము. మా ఆఫీసులో అప్పటికి పైథాన్ రాసేది నేనొక్కణ్ణే. ఆ పేరుకు కొండచిలువ అని అర్థం కాబట్టి, కుర్రాళ్లు పామును పెంచుతున్నావా అని అడిగేవాళ్లు.

ఆ స్క్రిప్టు నేను ఇంతకుముందే వేరే కాంటాకు రాసింది. అక్కడ దినమంతా తూకాలు ఒక ఫైల్లో పడేవి. పని ముగిశాక స్క్రిప్టు ఆ ఫైలును తెరిచి, మొత్తం చదివి, ఏ బండి ఎంత తూగిందో తేల్చేది. ఇప్పుడు ఫైలు బదులు చెవితో వినాలి. ఫైలు తెరిచే వరుసలు తీసేసి, ఆ చోట స్టాండర్డ్ ఇన్‌పుట్ పేరు పెట్టాను. అంతే. టీ చల్లారేలోపు అయిపోయింది.

గురువారం సావుకారు ఎదుట పరీక్ష. ఇండికేటర్ ఇంకా తగిలించలేదు కాబట్టి, పాత తూకాలున్న ఫైలును పైపు గుండా స్క్రిప్టు చెవిలో పోశాను. బోర్డు మీద ఎర్ర అంకెలు ఒకదాని వెనక ఒకటి టకటకా వెలిగాయి. సావుకారు తలూపాడు. బావ మాత్రం నా వీపు మీద ఒక్కటి చరిచాడు. “బామ్మర్దీ, నీకు అన్నంల నెయ్యి ఎక్కువ ఎయ్యమంట మీ అక్కను.”

ఆ నెయ్యి అరగలేదు. శుక్రవారం పొద్దున ఇండికేటర్ తగిలించి, గీత గీసి, స్క్రిప్టు నడిపాను. మొదటి ట్రాక్టర్ కాంటా ఎక్కింది. ఇండికేటర్ మీద బరువు కనబడుతోంది. బోర్డు నల్లగా ఉంది. ట్రాక్టర్ దిగింది, ఎడ్లబండి ఎక్కింది. బోర్డు నల్లగానే ఉంది. ఫిర్యాదుల నోరు కూడా మూసుకునే ఉంది. తప్పుంటే ఒక తిట్టు తిట్టినా బాగుండేది, దాన్ని పట్టుకుని వెతికేవాణ్ణి. కర్సర్ మాత్రం కన్ను కొడుతూ కూర్చుంది.

ఇక్కడ మా ఇళ్ల మనుషులు మాత్రమే చేయగల పొరపాటు ఒకటి జరిగింది. నేనూ బావా, ఇద్దరం చేతులు కట్టుకుని ఊరుకున్నాం. వేరేవాళ్లయితే ఆ పెట్టెను తట్టేవాళ్లు, కేబుల్ పీకి మళ్లీ గుచ్చేవాళ్లు, స్క్రిప్టును చంపి మళ్లీ లేపేవాళ్లు. మేము అన్నం ముందు కూర్చుని ప్రార్థన ముగిసేదాకా చెయ్యి పెట్టని ఇళ్లలో పెరిగినవాళ్లం. ఎదుటిది మౌనంగా ఉంటే, ఏదో ముగించుకుంటోంది, మధ్యలో కదిలించకూడదు అన్నది మా ఎముకల్లో ఉంది. కాళ్లు మాత్రం ఆగడం లేదు. గది నుంచి బోర్డు కిందికి, బోర్డు కింద నుంచి గదికి తిరిగాను. కొరకడానికి గోళ్లు అయిపోయాయి. బీదర్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ శిక్షణ విమానం ఒకటి నెత్తి మీదుగా గీసుకుంటూ పోతే, యార్డులో ఎవరూ తలెత్తలేదు గానీ నేను ఉలిక్కిపడ్డాను.

“ఏం బామ్మర్దీ, నీ మిషన్ ఉపవాస ప్రార్థనల గిట్ల ఉన్నదా?” అన్నాడు బావ. గొంతులో నవ్వుంది, మొహంలో లేదు.

“ఇంటాంది బావా. ఇనుకుంట కూసున్నది.”

“ఇనుడు మంచిదే. జెర నోరు ఇప్పమను. సావుకారు సూస్తుండు.”

బోర్డు చెప్పకపోవడంతో బావ ఎప్పటిలాగే కిటికీలోంచి కేక వేయబోయాడు. సావుకారు చెయ్యి చూపించి ఆపాడు. బోర్డు కోసం ఇంత చేశాక మళ్లీ కేకలేంటి అని. కాబట్టి ఆ పూట తూకం ఎవరికీ తెలియలేదు. రైతులు ఒక్కొక్కరే కిటికీ దగ్గరికొచ్చి, తొంగి చూసి, గొణుక్కుంటూ పోయారు. ఒకరిద్దరు పక్క మిల్లు ఎక్కడని అడిగారు.

సాయంత్రం కాంటా మూసే వేళ బావ ఇండికేటర్ ప్రోగ్రామును ఆపేశాడు. ఆపీ ఆపగానే యార్డులో బోర్డు భగ్గుమంది. పొద్దుటి నుంచి ఎక్కి దిగిన బండ్లన్నీ, ఒకదాని మీద ఒకటి, గుర్రప్పందెంలాగా అంకెలై పరిగెత్తాయి. ఖాళీ యార్డులో చూసేవాడు లేడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

అప్పుడు నాకు అర్థమైంది. ఇంటికి పోతూ బావకు చెప్పాను.

“బావా, మీ అమ్మ అన్నం ముంగట ప్రార్థన చేస్తది గదా.”

“చేస్తది. పప్పు సల్లారి గడ్డ గట్టేదాక చేస్తది.”

“ఆమె ఆమెన్ అనేదాక మనం ముట్టం. నా స్క్రిప్టు గూడ గంతే. మొత్తం ఇన్నంక, ఆమెన్ ఇనవడ్డంకనే పని మొదలు పెడ్తది. ఫైలుకు ఆఖర్ల ఆమెన్ ఉంటది. ఈ ఇండికేటర్‌కు ఆమెన్ లేదు. అది పొద్దుందాక జెప్తనే ఉంటది.”

“అయితె మా అమ్మను తెచ్చి కాంటా మీద కూసోబెట్టకు. సోమవారం గాదు, ఈస్టర్ అయితది” అన్నాడు బావ.

వృత్తి మాటల్లో చెప్పాలంటే, నేను వాడినది రీడ్ అనే ఆజ్ఞ. అది ఇన్‌పుట్ ముగింపు వచ్చేదాకా అంతా పోగేసి ఒక్కసారి ఇస్తుంది. ఆ ముగింపును ఎండ్ ఆఫ్ ఫైల్ అంటారు. పైపులో అవతలి ప్రోగ్రాము బతికున్నంతకాలం ముగింపు రాదు. రోగం తెలిసింది కాబట్టి మందు తేలికే అనుకున్నాను. మొత్తం చదవొద్దు, స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో ఉన్న ప్రతి వరుసకూ ఒక్కోసారి తిరుగు అని పైథాన్‌లో ఒక ఫర్ లూప్ రాయవచ్చు. పుస్తకాలు అదే చెబుతాయి. అదే రాశాను.

శనివారం బోర్డు మాట్లాడింది. అది మాట్లాడకుండా ఉన్నా బాగుండేదని తర్వాత అనిపించింది.

ముందు హళ్ళిఖేడ్ నుంచి ఒక ఎడ్లబండి వచ్చి, తూగి, వెళ్లింది. బోర్డు నల్లగానే ఉంది. బండి వెళ్లిన ఖాళీలో ఒక మేక కాంటా ఎక్కింది. రాలిన కందులు ఏరుకు తినడం దాని ఉద్దేశం. పాపం, కుదురుగా నిలబడే తిన్నది. దాన్ని తోలేసి, కుశనూర్ నుంచి వచ్చిన రైతు, యార్డులో అందరూ మామ అని పిలిచే మాణిక్ మామ తన ట్రాక్టర్ ట్రాలీని కాంటా ఎక్కించాడు. ట్రాలీ నిండా కంది బస్తాలు, ఒక్క బస్తా జాగా కూడా మిగల్లేదు. మామ దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని బోర్డు వైపు తలెత్తాడు. సరిగ్గా అప్పుడే బోర్డు వెలిగింది, ఏదో అంకె రెప్పపాటు మెరిసిపోయి ఇంకోటి నిలిచింది. ఇరవై కిలోలు.

మాణిక్ మామ బోర్డును చూశాడు. ట్రాలీని చూశాడు. గోడవారన ఇంకా నములుతున్న మేకను చూశాడు.

“సామేలు, ఈ మేక బోర్డును ఎవరు వెట్టిర్రు?” అన్నాడు.

“మా బామ్మర్ది మామా. హైదరాబాద్ నుంచి వచ్చిండు.”

“హైదరాబాద్‌ల ట్రాలీకి మేకకు ఫరక్ లేదా బిడ్డా?” ఈసారి నన్ను అడిగాడు. “ఏడాదంత ఎండల ఎండి పండించిన. నా కందులు మేకంత గూడ లేవా?”

యార్డులో అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. ట్రాలీ వెనక్కి తిప్పాడు. పక్క మిల్లు వైపు తిరుగుతున్నప్పుడు బోర్డు మీద ట్రాలీ అసలు బరువు తాపీగా వెలిగింది. అప్పటికి కాంటా మీద ఎవరూ లేరు. మామ వెనక్కి చూడలేదు కూడా.

సావుకారు గదిలోకి వచ్చాడు. నన్ను చూడలేదు. బావనే చూసి, సోమవారం అని ఒక్క మాట గుర్తుచేసి వెళ్లాడు. బావ టవల్‌తో మొహం తుడుచుకుని, టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్లీ మూసేశాడు. ఆ పూట ఇద్దరం తినలేదు.

ఆదివారం చర్చికి వెళ్లాను గానీ, ఏం ప్రసంగం విన్నానో అడగొద్దు. ఆరాధన అయ్యాక మిల్లుకు పోదామంటే బావ వెనకాడాడు. ప్రభువు దినాన పని చేయడం అతనికి ఇష్టం లేదు. అక్కే సర్ది చెప్పింది. “పని చెయ్యకు. తమ్ముడు చేస్తడు, నువ్వు సూడు. సూసుడు పని కాదు” అంది. బావ తన మోపెడ్ మీద వెనక వస్తానన్నాడు. నేను ఆగలేక బస్టాండ్ దగ్గర షేర్ ఆటో ఎక్కాను.

ఎక్కితే అది కదలదు. ముందు సీట్లో ఒకరు, వెనక నేనూ ఇంకొకాయనా. డ్రైవరు బయట నిలబడి ఊరి పేర్లు అరుస్తున్నాడు. చలో భాయ్ అన్నాను. “ఇంకో ఇద్దరు సవారీలు రానీ సాబ్, నిండంగనే పోదాం” అన్నాడు. ఒకావిడ సంచితో వచ్చి ఎక్కింది. ఇంకొకరు కావాలన్నాడు. తొందరలో ఉన్న నేను ఎక్కిన క్షణమూ, నాతోపాటు ఆటో కదిలే క్షణమూ ఒకటి కాదు. ఎక్కిన వాళ్లందరం నిండాక ఒక్కసారే బయల్దేరతాం, ఒక్కసారే దిగుతాం.

నేను ఆటో దిగేశాను. డ్రైవరు వెనక నుంచి ఏదో అన్నాడు, బూతే అయి ఉంటుంది. నడుస్తూనే ఆలోచించాను. ఆ కాలపు పైథాన్‌లో ఫర్ లూప్ సరిగ్గా షేర్ ఆటోయే. వరుస ఒక్కొక్కటిగా ఇస్తున్నట్టు కనబడుతుంది గానీ, లోపల బఫర్ అనే ఒక సంచి ఉంటుంది. వేగంగా చదవడం కోసం అది ముందుగానే ఆ సంచిని నింపుకుంటుంది. కొన్ని వందల వరుసలు పడి సంచి నిండితే గాని మొదటి వరుసను బయటికి వదలదు. ఇండికేటర్ సంచిని నింపేలోపు మేక వచ్చి తిని పోతుంది, ట్రాలీ వచ్చి నిలబడుతుంది. అప్పుడు మేక బరువు బయల్దేరుతుంది. ఫైలుతో పరీక్షిస్తే ఈ సంగతి కనబడదు, ఎందుకంటే ఫైలు ఒక్క గుక్కలో సంచిని నింపేస్తుంది.

మిల్లుకు చేరేసరికి చెమటలు. వాచ్‌మన్ గది తెరిచాడు. ఫర్ లూప్ తీసేసి, రీడ్‌లైన్ అనే ఆజ్ఞ పెట్టాను. అది సొంత సైకిల్ లాంటిది. ఒక్క వరుస రాగానే తీసుకుని బయల్దేరుతుంది, ఇంకొకరి కోసం చూడదు. ఖాళీ వరుస కాదు, అసలు ఏమీ రాకపోతేనే ముగింపు అని గుర్తుపెట్టుకునేలా రాశాను. మాట్లాడే వైపు కూడా ఇలాంటి సంచి ఒకటి ఉంటుంది కాబట్టి, బోర్డుకు పంపిన ప్రతిసారీ ఫ్లష్ చేయమని, అంటే సంచిని దులపమని, ఇంతకుముందే రాసుకున్నాను. దాన్ని మళ్లీ ఒకసారి చూసుకున్నాను.

అప్పటికి బావ వచ్చాడు.

“కాంటా ఎక్కు బావా.”

“నేనా? ఇయ్యాల పని చెయ్య.”

“పని కాదు. నిలబడు. అంతే.”

బావ చెప్పులు విప్పి ఎక్కాడు. ఎందుకు విప్పాడో ఇప్పటికీ తెలియదు. ఎక్కీ ఎక్కగానే బోర్డు మీద తొంభై వెలిగింది. బావ దిగాడు. సున్నా. మళ్లీ ఎక్కాడు. తొంభై. టిఫిన్ డబ్బా పట్టుకుని ఎక్కాడు, పెట్టేసి ఎక్కాడు, ఒక కాలు మీద నిలబడ్డాడు. ఎక్కినప్పుడల్లా అప్పటికప్పుడే అంకె, దిగినప్పుడల్లా అప్పటికప్పుడే సున్నా. మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయి పిల్లవాడిలా ఎక్కి దిగాడు. చివరికి ఆయాసంతో గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

“గీ తొంభై సంగతి మీ అక్కకు జెప్పకు” అన్నాడు. “డాక్టర్ ఎనభై దాటొద్దన్నడని జెప్పిన.”

సోమవారం పొద్దున యార్డు నిండింది. ట్రాక్టర్లు, లారీలు, ఎడ్లబండ్లు గేటు బయటిదాకా వరుసకట్టాయి. సావుకారు కుర్చీ వేయించుకుని బోర్డుకు ఎదురుగా కూర్చున్నాడు. పక్కన ఆయన మేనల్లుడు కూడా ఉన్నాడు, కొత్త చొక్కా వేసుకుని. ఆ చొక్కాను చూసి బావ తన కుర్చీని టవల్‌తో ఇంకోసారి తుడుచుకుని కూర్చున్నాడు.

మొదటి బండి మాణిక్ మామదే. శనివారం పక్క మిల్లులో వరుస పెద్దదై, ట్రాలీలో సరుకు దించకుండానే ఊరికి పోయాడట. ఇప్పుడు మళ్లీ వచ్చాడు. మేకను చూసి రావాలనిపించింది అన్నాడు. ట్రాలీ ఎక్కింది. బోర్డు వెలిగింది గానీ అంకెలు కుదురుకోవడం లేదు, పైకీ కిందికీ ఊగుతున్నాయి. స్క్రిప్టు తిరిగి చూద్దామని కుర్చీలోంచి లేచాను.

బావ కిటికీలోంచి తల బయటపెట్టాడు. “మామా, ఇంజన్ బందు వెట్టు. అదిరితె అంకె నిలవదు.”

మామ ఇంజన్ ఆపాడు. అంకెలు కుదురుకున్నాయి. మామ బోర్డు చదివాడు. వేళ్లతో బస్తాలు లెక్కపెట్టుకుని, పెదవులు కదిలించి, ఒకసారి తలూపాడు. అలవాటు కొద్దీ తూకం అరవడానికి బావ నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. తర్వాతి బండి. ఆ తర్వాతిది. ప్రతిదాని బరువూ దాని ముందే, అది నిలబడి ఉండగానే వెలిగింది.

మధ్యాహ్నానికి వరుస తగ్గాక సావుకారు లేచాడు. అందరి ఎదుట నా భుజం మీద చెయ్యి వేసి, “జయరాజ్, నువ్వు మా మిల్లు పరువు నిలబెట్టావు. సామేలు లాంటి మనిషి మాకు దొరకడు, బతికున్నంతకాలం కాంటా అతనిదే” అన్నాడు. బావ కళ్లు తుడుచుకున్నాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది పొట్టిగా చెబుతాను. ఫైలుకు చివర ఉంటుంది, యార్డుకు ఉండదు. చివర ఉన్నదానితో పరీక్షించి, చివర లేనిదానికి తగిలించకూడదు. ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా, ఏ స్క్రిప్టునైనా దాని చెవిలో నిజంగా మాట ఎలా పడుతుందో అలాగే, అంత నిదానంగానే పోసి చూశాక తప్ప ఎవరికీ చూపించలేదు. నా కింద పనిచేసే కుర్రాళ్లు ఫైలుతో పరీక్షించామని వస్తే, సరే, ఇప్పుడు ఒక్కో వరుసా చేత్తో టైపు చేసి చూపించండి అనేవాణ్ణి. తిట్టుకుంటూ చేసేవాళ్లు. సగం మంది అక్కడే దొరికిపోయేవాళ్లు.

ఇక ఒప్పుకోలు. మొదట్లో చెప్పిన మాట కొంచెం సడలించాలి. మేక నిజం, ఇరవై కిలోలూ నిజం, చెప్పులు విప్పి కాంటా ఎక్కిన బావా నిజం. కల్పించింది సావుకారు మాటలు. ఆయన నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. కుర్చీలోంచి లేచి, ఈ బోర్డుకు కరెంటు ఎక్కువ కాలుతుందా అని అడిగాడు. కాలదన్నాను. కుర్చీ లోపల పెట్టమని మేనల్లుడికి చెప్పి, భోజనానికి వెళ్లిపోయాడు. ఉద్యోగం ఉందనీ అనలేదు, పోయిందనీ అనలేదు. యూనిక్స్‌లో కూడా పని సరిగ్గా అయితే ప్రోగ్రాము ఏమీ చెప్పదు, ఊరికే పక్కకు తప్పుకుంటుంది. ఆ సంగతి బావకు చెప్పాను. నమ్మలేదు. మర్నాడు పొద్దున డ్యూటీకి పోయి, వాచ్‌మన్ గది తాళం తన చేతికే ఇచ్చాక నమ్మాడు.